తోడు చుక్క

కోడ్‌లో చివరి వరస ఒక్కటే మిగిలింది. ప్రాసెసర్‌లో సీఆర్0 అనే రిజిస్టర్ ఉంటుంది. అందులో 31వ బిట్ ఇప్పుడు సున్నా. దాన్ని ఒకటి చేయాలి. ఆ బిట్ మారిన క్షణం నుంచి ప్రాసెసర్ మెమరీని చూసే తీరే మారిపోతుంది. నేను రాసుకుంటున్న చిన్న కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, అదే గడప. గడప దాటగానే తెర మీద ఎడమ పక్క పైమూలన ఒక్క అక్షరం పడేట్టు రాసుకుని, నడిపాను.

అక్షరం పడలేదు. యంత్రం మళ్లీ మొదటికి పోయింది. క్యూఎము అనే సాఫ్ట్‌వేర్ కల్పించే ఉత్తుత్తి కంప్యూటర్ మీద నడుపుతున్నాను. ఆ కిటికీలో, యంత్రం లేవగానే మొదట నడిచే బయోస్ అక్షరాలు మెరుస్తున్నాయి, చెరిగిపోతున్నాయి, మళ్లీ మెరుస్తున్నాయి. ఫలానా చోట తప్పు జరిగిందని చెప్పే మాట ఒక్కటీ లేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక? తప్పు జరిగితే చెప్పాల్సింది కెర్నల్. ఆ కెర్నలే ఇంకా లేచి నిలబడలేదు. మూడు రాత్రులు ఆ ఒక్క వరస ముందు కూర్చున్నాను.

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాలు చాలావరకు పేజీ టేబుల్ అప్పటికే తయారై ఉన్నట్టు మొదలవుతాయి. అది ఎంత చక్కగా పనిచేస్తుందో వివరిస్తాయి. దాన్ని మొట్టమొదట ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు, రాసేటప్పుడు వాళ్ల కాళ్ల కింద నేల ఏది అన్న ప్రశ్న దగ్గర ఆగేవి తక్కువ. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఒక సెకను కూడా పట్టకుండా జరిగిపోయే ఈ ఘట్టమంటే నాకు ఆ మూడు రాత్రుల నుంచీ ప్రాణం.

పేజీ టేబుల్ సంగతి ముందు చూద్దాం. మీ ఫోన్‌లో ఈ నిమిషాన పది ఇరవై ప్రోగ్రాములు మెమరీలో ఉండి ఉంటాయి. ఒక్కొక్కటీ ఏదో ఒక అడ్రసులో రాసుకుంటుంది, అక్కడి నుంచే చదువుకుంటుంది. రెండు ప్రోగ్రాములు ఒకే అడ్రసు వాడినా ఒకదాని రాత మీద ఇంకొకదాని రాత పడదు. ప్రోగ్రాము పలికేది వర్చువల్ అడ్రసు. ర్యామ్ చిప్పులో ఆ బైటు నిజంగా ఉన్న చోటు అసలు అడ్రసు. మధ్యలో ప్రాసెసర్ ఒక పట్టిక చూసి మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుంది. బైటు బైటుకూ ఒక గడి పెడితే పట్టికే మెమరీనంతా మింగేస్తుంది కాబట్టి, మెమరీని 4096 బైట్ల ముక్కలుగా కోసి, ముక్కకో గడి చొప్పున పెడతారు. ముక్క పేరు పేజీ. పట్టిక పేరు పేజీ టేబుల్. సీఆర్0లో ఆ 31వ బిట్ ఒకటయితే ప్రాసెసర్ ఈ పట్టిక చూడడం మొదలుపెడుతుంది. దానికే పేజింగ్ అని పేరు.

ఈ ఆలోచన 1962 నాటికే అమల్లోకి వచ్చింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం, ఫెరాంటీ కంపెనీ కలిసి కట్టిన అట్లాస్ యంత్రంలో పేజీకి 512 పదాలు. ముఖ్య మెమరీ 16,384 పదాలు, అంటే 32 పేజీలు. ఏ పేజీలో ఏముందో గుర్తుంచుకోవడానికి సరిగ్గా 32 రిజిస్టర్లు. పట్టిక మొత్తం యంత్రం వైర్లలోనే ఉంది, మెమరీలో దానికి చోటు వెతకాల్సిన పని లేదు. 1985లో ఇంటెల్ 80386 వచ్చేసరికి మెమరీ ఎంతో పెరిగింది, పట్టిక ప్రాసెసర్‌లో ఇమిడే రోజులు పోయాయి. పట్టికను కూడా మెమరీలోనే పెట్టి, అది మొదలయ్యే అసలు అడ్రసును మాత్రం సీఆర్3 అనే రిజిస్టర్‌లో రాయమన్నారు. మన చిక్కు అక్కడ పుట్టింది. మెమరీని చేరడానికి పట్టిక కావాలి, పట్టికేమో మెమరీలో ఉంది.

పట్టిక ఒకే పొడుగాటి జాబితాగా ఉండదు, అంతస్తులుగా ఉంటుంది. మన పిన్‌కోడ్ లాగే. కవరు మీద 533101 అని ఉంటే, 5 అన్న అంకె చూడగానే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు వెళ్లే సంచిలో పడుతుంది. 533 దాకా చదివితే గోదావరి ఒడ్డుకు చేరుతుంది. మిగతా మూడంకెలతో రాజమండ్రి పోస్టాఫీసు. దేశంలోని పోస్టాఫీసులన్నీ ఒకే కాగితం మీద రాసుకుని వెతకాల్సిన పని ఎవరికీ లేదు. 80386 కూడా 32 బిట్ల అడ్రసును అలాగే ముక్కలు చేస్తుంది. మొదటి 10 బిట్లు పేజీ డైరెక్టరీ అనే పై పట్టికలో 1024 గడుల్లో ఒకదాన్ని చూపిస్తాయి. ఆ గడి ఒక పేజీ టేబుల్ ఎక్కడుందో చెబుతుంది. తర్వాతి 10 బిట్లు ఆ టేబుల్‌లోని 1024 గడుల్లో ఒకదాన్ని. ఆ గడి పేజీ ఎక్కడుందో చెబుతుంది. మిగిలిన 12 బిట్లు పేజీ లోపల ఎన్నో బైటు అన్నది. ఒక్కో గడి 4 బైట్లు, 1024 గడులు 4096 బైట్లు. పట్టిక సరిగ్గా ఒక పేజీలో కూర్చుంటుంది. ఈ పొందిక కాకతాళీయం కాదు. ఈ అధ్యాయం చివరిదాకా దీనితోనే మనకు పని.

గడిలో అడ్రసుతో పాటు గుర్తులు కూడా ఉంటాయి. పేజీ ఎప్పుడూ 4096తో నిశ్శేషంగా భాగించబడే చోటే మొదలవుతుంది గనక దాని అడ్రసులో చివరి 12 బిట్లు సున్నాలే. ఊరికే సున్నాలు మోయడం ఎందుకని వాటిలో గుర్తులు పెట్టారు. ఒక బిట్ పేజీ ఉందా లేదా అన్నది, ఇంకొకటి అందులో రాయవచ్చా అన్నది, మరొకటి మామూలు ప్రోగ్రాములు దాన్ని తాకవచ్చా అన్నది. ఈ మూడూ ఒకటయితే విలువ 7. ఈ 7 మళ్లీ కనబడుతుంది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. కెర్నల్ వర్చువల్ అడ్రసుల్లో 3 జీబీ దగ్గర ఉండాలని నా కోరిక. 32 బిట్ల లైనక్స్ ఏళ్ల తరబడి అలాగే కింది 3 జీబీ ప్రోగ్రాములకు వదిలి, పై 1 జీబీ తాను తీసుకుంది. డైరెక్టరీలో ఒక్కో గడికి 4 ఎంబీ చొప్పున 3 జీబీ అంటే 768వ గడి. ఆ గడిలో నా పేజీ టేబుల్ అడ్రసు రాశాను, డైరెక్టరీ అడ్రసు సీఆర్3లో పెట్టాను, 31వ బిట్ మార్చాను. అంతా సరిగ్గానే ఉంది. కానీ ఆ బిట్ మార్చిన ఆజ్ఞ స్వయంగా ఎక్కడుంది? అసలు మెమరీలో 1 ఎంబీ దాటాక ఉంది. అది పూర్తవగానే ప్రాసెసర్ తర్వాతి ఆజ్ఞ కోసం మూడు బైట్లో నాలుగు బైట్లో ముందుకు జరిగింది. అది కూడా 1 ఎంబీ దగ్గరే. అయితే లోకం అప్పటికే మారిపోయింది. ‘1 ఎంబీ’ అన్నది ఇప్పుడు వర్చువల్ అడ్రసు, దాన్ని పట్టికలో వెతకాలి. వెతికితే సున్నా గడి. సున్నా గడి ఖాళీ.

అడిగిన పేజీ లేనప్పుడు ప్రాసెసర్ పేజీ ఫాల్ట్ అని కేక వేస్తుంది. కేక వింటే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే పట్టిక ఒకటి కెర్నల్ ముందే పెట్టి ఉండాలి. నేను పెట్టలేదు. వినే దిక్కు లేకపోవడం రెండో తప్పు, డబుల్ ఫాల్ట్. దాన్ని వినే దిక్కు కూడా లేదు, అది మూడోది. ట్రిపుల్ ఫాల్ట్ దగ్గర ప్రాసెసర్ ఇక ప్రయత్నం మానేస్తుంది, యంత్రం రీసెట్ అవుతుంది. నా కిటికీలో మెరిసి చెరిగిన అక్షరాలకు అర్థం అదీ. నడుస్తున్న మనిషి కాలు ఎత్తిన క్షణంలో కింద నేలను తీసేశాను.

విరుగుడు ఒక్క వరస. 768వ గడిలో రాసిన అడ్రసునే సున్నా గడిలో కూడా రాయడం. అప్పుడు ఒకే గదికి రెండు తలుపులు. 1 ఎంబీ అన్నా, 3 జీబీ మీద 1 ఎంబీ అన్నా చేరేది ఒకే బైటుకు. వర్చువల్ అడ్రసూ అసలు అడ్రసూ ఒకటే అయ్యేట్టు రాసిన ఈ కింది తలుపును ఉన్నదున్నట్టు మ్యాపింగ్ అనుకుందాం. బిట్ మార్చేటప్పుడు కింది తలుపులో నిలబడాలి. మారాక ఒక్క గెంతు గెంతి పై తలుపులోకి వెళ్లాలి. వెళ్లాక వెనక్కి తిరిగి కింది తలుపు మూసేయాలి. చాలా కెర్నళ్లలో, ప్రాసెసర్ ఏదైనా, ఈ మూడు అడుగులు ఏదో రూపంలో కనిపిస్తాయి.

కొన్నిసార్లు గెంతు అవసరమే ఉండదు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తన 386 యంత్రం కోసం రాసిన లైనక్స్ 0.11 కూర్పు చదివితే, ఈ పని ఎంత తక్కువ సరంజామాతో చేయవచ్చో కనబడుతుంది. కెర్నల్‌ను తెచ్చి అసలు మెమరీలో సున్నా అడ్రసు దగ్గరే పెడతాడు. ప్రారంభ కోడ్ సున్నా నుంచి మొదలవుతుంది. విశేషమేమిటంటే, పేజీ డైరెక్టరీ చోటు కూడా సున్నాయే. రెండూ ఒకే స్థలం. ఇదేదో పొరపాటు కాదు, ఆ ఫైల్ తలకట్టులోనే ఆయన దీని గురించి హెచ్చరిక రాసుకున్నాడు. ప్రారంభ కోడ్ తన పని ముగించుకుంటుంది, ఆ తర్వాత దాని నెత్తినే డైరెక్టరీ రాస్తారు.

ఎలా చేశాడో దగ్గరి నుంచి చూడండి. మొదటి 20 కేబీ ఐదు పేజీలు. మొదటిది డైరెక్టరీకి, మిగతా నాలుగూ నాలుగు పేజీ టేబుళ్లకు. పట్టికలు నింపే కోడ్‌ను మాత్రం ఈ 20 కేబీ దాటాక పెట్టాడు, లేకపోతే తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నట్టవుతుంది. ప్రారంభ కోడ్ తన పనులు ముగించుకుని ఆ దాటిన చోటికి దూకుతుంది. అక్కడి కోడ్ వెనక్కి తిరిగి సున్నా నుంచి ఐదు పేజీలనూ సున్నాలతో తుడిచేస్తుంది. ఒక్క క్షణం కిందటిదాకా ప్రాణంతో ఉన్న ఆజ్ఞలు ఆ తుడుపులో పోతాయి. డైరెక్టరీలో నాలుగే గడులు నిండుతాయి, నాలుగు టేబుళ్ల అడ్రసులు, ఒక్కోదానికి 7 కలిపి. టేబుల్‌కు 1024 పేజీల చొప్పున 4 ఎంబీ, నాలుగింటికి 16 ఎంబీ. అప్పటి ఇంటి కంప్యూటర్‌కు అది బోలెడు.

టేబుళ్లను ఆయన చివరి నుంచి మొదటికి నింపాడు. ఆఖరి గడిలో 16 ఎంబీకి ఒక పేజీ తక్కువ అడ్రసు, దానికి 7 కలిపి పెడతాడు. అక్కడి నుంచి ప్రతి అడుగుకూ 4096 తీసేస్తూ వెనక్కి నడుస్తాడు. ఇలా నడిస్తే ఎక్కడ ఆగాలో వేరే లెక్క పెట్టుకోనక్కర్లేదు. విలువ సున్నా కిందికి పోయిందంటే పని అయిపోయినట్టే. తీసివేతే లెక్క, తీసివేతే ఆగే గుర్తు. 4096 గడులు నింపే ఆ మెలిక మూడు నాలుగు ఆజ్ఞలకు మించి లేదు. తర్వాత సీఆర్3లో సున్నా, సీఆర్0లో 31వ బిట్. ఇక్కడ వర్చువల్ అడ్రసులు, అసలు అడ్రసులు మొత్తం 16 ఎంబీలకూ ఒకటే కాబట్టి, నన్ను మూడు రాత్రులు ఏడిపించిన ఆ గుంట ఇక్కడ లేదు.

చివరి ఆజ్ఞ ‘రెట్’, అంటే పిలిచిన చోటికి తిరిగి వెళ్లడం. అయితే ఈ కోడ్‌ను ఎవరూ పిలవలేదు, దూకి వచ్చారు. దూకే ముందు ప్రారంభ కోడ్ స్టాక్ మీద, అంటే తిరిగి వెళ్లాల్సిన అడ్రసు ఉండే చోట, మెయిన్ ఫంక్షన్ అడ్రసు పెట్టి వచ్చింది. కాబట్టి ‘తిరిగి వెళ్లడం’ అన్నది నిజానికి మొదటిసారి వెళ్లడం. అసెంబ్లీ భాష నుంచి సీ భాషలోకి, పుట్టుక నుంచి జీవితంలోకి. పైగా పేజింగ్ ఆన్ చేయగానే, ప్రాసెసర్ ముందుగా చదివి పెట్టుకున్న పాత ఆజ్ఞలను వదిలేసేలా ఒక గెంతు వేయాలని ఇంటెల్ చెబుతుంది. ఆ పనీ ఇదే ఆజ్ఞతో అయిపోతుంది. ఒక్క ఆజ్ఞలో ఇన్ని పనులు అమరిన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పటి యంత్రాలకు వద్దాం. 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో 80386 కుటుంబంలో 64 బిట్ల ప్రాసెసర్లు మొదలయ్యాయి. అడ్రసులో వాడకంలో ఉన్నవి 48 బిట్లు. నాలుగు అంతస్తులు, అంతస్తుకు 9 బిట్లు, పేజీ లోపలికి 12. గడి 8 బైట్లకు పెరిగింది, గడులు 512కు తగ్గాయి, లెక్క మళ్లీ 4096 బైట్లే. అంతస్తులు ఎందుకంటారా? 48 బిట్ల అడ్రసులకు ఒకే అంతస్తు పట్టిక వేస్తే, ఆ పట్టిక ఒక్కటే 512 జీబీ అవుతుంది. 2017లో వచ్చిన లైనక్స్ 4.14 ఐదో అంతస్తును కూడా నేర్చుకుంది. ఐదున్నా కథ ఇదే కాబట్టి నాలుగుతోనే చెబుతాను.

ఈ ప్రాసెసర్లు ఇంకో షరతు పెట్టాయి. 386లో పేజింగ్ లేకుండా కూడా బతకవచ్చు. ఇక్కడ పేజింగ్ ఆన్ చేయనిదే 64 బిట్ల లోకంలో అడుగు పెట్టనివ్వరు. అంటే కెర్నల్ ఒళ్లు విరుచుకోకముందే పట్టిక సిద్ధంగా ఉండాలి. లైనక్స్ కెర్నల్ డిస్క్ మీద కుదించిన రూపంలో ఉంటుంది, ముందు ఒక చిన్న కోడ్ లేచి దాన్ని విప్పుతుంది. పాత బయోస్ దారిలో 32 బిట్ల తలుపు గుండా వస్తే ఈ చిన్న కోడే తొలి పట్టిక వేస్తుంది. పై అంతస్తుకు ఒక పేజీ, రెండో అంతస్తుకు ఒకటి, మూడో అంతస్తుకు నాలుగు. మొత్తం ఆరు పేజీలు, 24 కేబీ. నాలుగో అంతస్తు జోలికే పోదు. మూడో అంతస్తు గడిలో ఒక గుర్తు పెడితే అది ఇంకో పట్టికను కాక నేరుగా 2 ఎంబీల పెద్ద పేజీనే చూపిస్తుంది. అలాంటివి 2048 గడులు నింపితే 4 జీబీ. అంతా ఉన్నదున్నట్టు మ్యాపింగే. ప్రయాణానికి సరిపడా ఒక గుడారం అది.

విప్పిన అసలు కెర్నల్ మాత్రం తన పట్టికలను తనతోనే తెచ్చుకుంటుంది. కెర్నల్‌ను తయారు చేసిన రోజునే వాటిలో గడులు నింపి, ఫైల్‌లో భాగంగా ముద్రించి పెట్టారు. వర్చువల్ అడ్రసుల్లో అట్టడుగు కాదు, అన్నిటికంటే పైన ఉన్న 2 జీబీలు కెర్నల్ చోటు. అసలు మెమరీలో అది మామూలుగా 16 ఎంబీ దగ్గర కూర్చోవాలని అనుకుని గడులు నింపారు. కానీ ఈ కాలపు లైనక్స్ భద్రత కోసం బూట్ బూట్‌కూ కెర్నల్‌ను వేరే వేరే చోట పెడుతుంది. అప్పుడు ముద్రించిన అడ్రసులన్నీ తప్పే. అందుకని మొదట నడిచే ఫంక్షన్, తాను ఉండాల్సిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా ఎంతో లెక్కకట్టి, ఆ తేడాను గడి గడికీ కలుపుకుంటూ పోతుంది.

ఈ ఫంక్షన్ రాయడం కత్తి మీద సామే. కంపైలర్ దాన్ని పై అడ్రసుల్లో ఉంటుందని నమ్మి తయారు చేసింది. నడిచేటప్పుడు అదింకా కింది తలుపులోనే ఉంది. ఒక వేరియబుల్‌ను మామూలుగా పేరు పెట్టి పిలిస్తే, కోడ్ ఇంకా లేని పై అడ్రసుకు చెయ్యి చాపవచ్చు. అందుకే అందులో ప్రతి పాయింటర్‌ను అనుమానంతో చూస్తారు, ‘నేను ఇప్పుడున్న చోటి నుంచి ఎంత దూరం’ అన్న కొలతతోనే ప్రతిదాన్నీ పట్టుకుంటారు. ఆ పని అయ్యాక గెంతు. గెంతి పై అడ్రసుల్లో స్థిరపడగానే, పై అంతస్తు పట్టికలోని 512 గడుల్లో ఆఖరి ఒక్కటి మినహా 511 గడులనూ సున్నా చేసేస్తుంది. కింది తలుపు మూసుకుపోయింది. ఇక ఎక్కడైనా పొరపాటున సున్నా అడ్రసును తాకితే అది అక్కడే పట్టుబడుతుంది.

ఇప్పుడు కెర్నల్ దగ్గర ఉన్నది తన శరీరం ఒక్కటే. 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో తానున్న కొన్ని పదుల ఎంబీలు తప్ప ఇంకేదీ కనబడదు. కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చిన బూట్‌లోడర్ తనకోసం ఎక్కడో రాసిపెట్టిన చీటీ, అంటే ర్యామ్ ఎంత, ఏ భాగం వాడుకోవచ్చు వంటి సమాచారం, అది కూడా చూపుకు అందదు. 2013లో వచ్చిన 3.9 కూర్పు నుంచి లైనక్స్ దీనికి ఒక అందమైన ఉపాయం పన్నింది. కెర్నల్ ధైర్యంగా ఆ చీటీని చదవబోతుంది. పేజీ ఫాల్ట్ వస్తుంది. ఈసారి వినే దిక్కు ఉంది. ఆ కోడ్ అప్పటికప్పుడు ఒక పట్టిక వేసి, అడిగిన చోటుకు దారి చూపి, ఆగిన ఆజ్ఞను మళ్లీ నడిపిస్తుంది. నా కెర్నల్‌ను చంపిన తప్పే ఇక్కడ పనిముట్టు. ఈ పట్టికల కోసం కెర్నల్ తన ఒంట్లోనే 64 పేజీలు, 256 కేబీ, దాచుకుని వస్తుంది. 64 అయిపోతే? అన్నీ తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వాడుకుంటుంది. పలక నిండితే తుడిచి రాసుకున్నట్టు. తుడిచిన దారి మళ్లీ కావాలంటే మళ్లీ ఫాల్ట్ వస్తుంది, మళ్లీ రాసుకుంటుంది, అంతకంటే నష్టం లేదు.

పలకతో కాలక్షేపం ఎంతసేపు? శాశ్వతమైన పట్టిక వేయాలి. ర్యామ్ మొత్తాన్నీ ఒక వరసలో వర్చువల్ అడ్రసుల్లో పరిచి, అసలు అడ్రసుకు ఒక స్థిర సంఖ్య కలిపితే చాలు వర్చువల్ అడ్రసు వచ్చేట్టు చేయాలి. దానికి పట్టికలకు పేజీలు కావాలి. పేజీలు ర్యామ్‌లో బోలెడున్నాయి. వాటిలో రాయాలంటే వాటికి పట్టికలో గడులు ఉండాలి. గడులు రాయాలంటే పేజీలు కావాలి.

మా ఇంట్లో రోజూ రాత్రి ఈ చిక్కును అమ్మ విప్పేది. పెరుగు కావాలంటే పెరుగు కావాలి. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి తోడు పెడుతుంది, కొన్ని ఊళ్లలో చేమిరి అంటారు. తెల్లారేసరికి గిన్నె నిండా పెరుగు. అందులోంచి ఇంకో చెంచా తీసి పక్కన పెడుతుంది. ఊరెళ్లి వచ్చిన రోజు ఇంట్లో చుక్క కూడా ఉండదు, పక్కింటి పిన్నిగారి దగ్గరికి గిన్నె పట్టుకుని నన్ను పంపేది. మొదటి చుక్క ఎక్కడి నుంచైనా తేవాల్సిందే. అది వచ్చాక ఇక ఎన్ని కుండలైనా తోడుకుంటాయి.

లైనక్స్ తోడు చుక్క ఏమిటంటే, కెర్నల్ శరీరం చివర ఖాళీగా ఉంచుకున్న కొన్ని పేజీలు. అవి కెర్నల్‌తో పాటే ముద్రించిన పట్టికల్లోకి ఎక్కి ఉన్నాయి కాబట్టి వాటిలో రాయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. 2013 తొలి నెలల దాకా పద్ధతి వేరు. మొత్తం ర్యామ్‌కు ఎన్ని పట్టికలు కావాలో ముందే అంచనా కట్టి, అంత చోటూ ఒకేచోట పట్టేవారు. అంచనాలు తప్పే సందర్భాలు వచ్చేవి, అంత చోటు ఒక్కచోట దొరకడం కూడా కష్టమయ్యేది. 3.8 కూర్పులో ఆ అంచనాలు వదిలేశారు. ఇప్పుడు జరిగేది ఇది: అట్టడుగు 1 ఎంబీని ముందు పట్టికలోకి ఎక్కిస్తుంది. తర్వాత ర్యామ్ పైకొస దగ్గర ఒక 2 ఎంబీల ముక్కను వెతికి, తోడు చుక్క పేజీలతో దాన్ని పట్టికలోకి ఎక్కిస్తుంది. ఇప్పుడు ఆ 2 ఎంబీ చేతికందే మెమరీ. దానిలోంచి పేజీలు తీసి పట్టికలు వేసి, దానికి కింద ఉన్న పెద్ద ముక్కను ఎక్కిస్తుంది. అందులోంచి తీసి ఇంకా పెద్దదాన్ని. పైనుంచి కిందికి తోడుకుంటూ వస్తుంది.

ముక్క ఎంత పెద్దది కావచ్చు? ఇక్కడున్న లెక్క అంటే నాకు చాలా ఇష్టం. ఒక పేజీ టేబుల్‌లో 512 గడులు గనక, 4 కేబీ పట్టిక 2 ఎంబీలను మోస్తుంది. ఒకటికి 512 రెట్లు. ఆ లెక్కన 2 ఎంబీల పట్టికలు 1 జీబీని మోయాలి, తర్వాతి ముక్క 1 జీబీ కావాలి. కానీ కోడ్‌లో అది 512 ఎంబీయే. 512 రెట్లకు బదులు 256 రెట్లు. ఎందుకంటే అన్నీ కలిసిరాని రోజును తలుచుకున్నారు. పెద్ద పేజీలు వాడే వీల్లేక 1 జీబీనీ 4 కేబీ పేజీలుగానే రాయాల్సి వచ్చిందనుకోండి, అడుగు అంతస్తుకు 512 పట్టికలు. ఆ ముక్క 1 జీబీ సరిహద్దుకు అటూ ఇటూ పడిందనుకోండి, పై అంతస్తుల కోసం ఇంకో రెండు. 514 పేజీలంటే 2 ఎంబీల 8 కేబీ. చేతిలో ఉన్నది 2 ఎంబీ. ఎనిమిది కేబీ, రెండంటే రెండు పేజీలు తక్కువ. ఆ రెండు పేజీల కోసం వాళ్లు అడుగును సగానికి తగ్గించుకున్నారు. 2 ఎంబీ తర్వాత 512 ఎంబీ, దాని తర్వాత 128 జీబీ. 16 జీబీ యంత్రమైతే మూడో అడుగు పూర్తిగా వేయకముందే ర్యామ్ అయిపోతుంది.

అన్నీ కలిసొస్తే పట్టికలకు పట్టే చోటు చాలా తక్కువ. 16 జీబీని 4 కేబీ పేజీలుగా రాస్తే 41,94,304 గడులు, అడుగు అంతస్తుకే 32 ఎంబీ. 2 ఎంబీల పేజీలుగా రాస్తే 8192 గడులు, 64 కేబీ. 1 జీబీ పేజీలు తెలిసిన ప్రాసెసర్ అయితే 16 గడులతో సరి. ఎక్కడ ఏ కొలత నప్పుతుందో కెర్నల్ ముక్క ముక్కకూ చూసుకుంటుంది. అంచుల్లో చిన్నవి, మధ్యలో పెద్దవి, గోడకు ఇటుకలు పేర్చినట్టు.

అంతా ఎక్కాక సీఆర్3లో కొత్త పట్టిక అడ్రసు రాస్తుంది. పాత అడ్రసుల జవాబులను ప్రాసెసర్ టీఎల్‌బీ అనే చిన్న గుర్తుల పెట్టెలో దాచుకుని ఉంటుంది గనక దాన్ని ఖాళీ చేయిస్తుంది. కొత్త నేల వేసి, పాత నేల మీద పడిన అడుగుజాడలు చెరిపేయడం అది. అక్కడి నుంచి మెమరీ పంచే యంత్రాంగం మేలుకుంటుంది, తర్వాత మిగతావన్నీ.

నా బుల్లి కెర్నల్ మూడో రాత్రి రెండు దాటాక నడిచింది. సున్నా గడిలో ఆ ఒక్క వరస చేర్చాను. కిటికీ మెరవడం మానేసింది. నల్లటి తెర, ఎడమ పక్క పైమూలన ఒక తెల్లటి ‘కే’ అక్షరం. లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, మళ్లీ వచ్చి దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఇప్పటికీ లైనక్స్ యంత్రం లేవగానే దాని బూట్ చిట్టా తెరిచి చదవడం నాకు అలవాటు. వందల వరసల్లో, కెర్నల్ తన మొదటి ప్రోగ్రామును నడపబోయే ముందు వచ్చే ఒక వరస కోసం చూస్తాను. కెర్నల్‌లో ఇక వాడని మెమరీని ఇన్ని కేబీలు విడుదల చేస్తున్నామని అందులో ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో అది రెండు ఎంబీల పైచిలుకు. బూట్ కోసమే రాసిన కోడ్ అంతా అందులో పోతుంది. పలకలా తుడిచి వాడుకున్న ఆ 64 పేజీలు, 511 గడులు సున్నా చేయించుకున్న ఆ తొలి పట్టిక, అవి కూడా అందులోనే. ఆ పేజీలు మామూలు ర్యామ్‌లో కలిసిపోతాయి. కాసేపటికి వాటిలో బ్రౌజర్ బొమ్మ ఒకటి ఉండవచ్చు, లేకపోతే నేను టైపు చేస్తున్న ఈ వాక్యం.